మాటలొచ్చిన పిల్లవాడికి వాక్యాలు ఎలా వస్తాయి?

ఒడిశాలోని గుణుపురం నుంచి ఒక అమ్మ అడిగిన ప్రశ్న ఇది: "మా బాబుకి తొమ్మిదేళ్ళు, ఒడియా మీడియంలో నాలుగో తరగతి. కూరగాయలు, పళ్ళు, అంకెలు, చుట్టరికాలు అన్నీ తెలుగులో చెప్తాడు. కానీ టెక్కలి నుంచి వాళ్ళ నాన్నమ్మ ఫోన్ చేస్తే 'ఆ', 'తిన్నాను', 'స్కూలు' దాటి మాట పెగలదు. పెద్ద వాక్యాలు ఎలా నేర్పాలి? వ్యాకరణం పుస్తకం కొనాలా? ముందు అక్షరాలు దిద్దించాలా?"

అమ్మా, బాబుకి మాటల కొరత లేదు. వాడికి వచ్చినవన్నీ పేర్లు: వంకాయ, మామిడిపండు, మేనత్త, పదిహేను. తెలుగు వాక్యం పేర్లతో పెరగదు, క్రియతో పెరుగుతుంది. ఇంకో వంద పేర్లు నేర్పినా జవాబు ఒక్క మాట దగ్గరే ఆగిపోతుంది. అందుకని కొన్నాళ్ళు కొత్త పేర్లు నేర్పడం ఆపేయండి. రోజూ నోట్లో ఆడే క్రియలు ఓ పది పదిహేను పట్టుకోండి: తిను, వెళ్ళు, రా, చూడు, చెప్పు, ఇవ్వు, కొను, ఆడు, అడుగు, ఉండు, చెయ్యి, పడుకో. పర్లాకిమిడిలోనూ రాయగడలోనూ ఇలాంటి పిల్లలకే తెలుగు చెప్తూ వచ్చాను. మాటల పట్టికలు బట్టీ పట్టిన పిల్లలకంటే, తక్కువ మాటలతోనే క్రియని అటూ ఇటూ తిప్పడం వచ్చిన పిల్లలు ఎప్పుడూ ముందుంటారు.

'తిను' ఒక్కటి చూడండి. తిని, తింటూ, తింటే, తిన్నా, తిన్నాక, తిన్న, తినే, తినకుండా, తినకపోతే, తినడానికి, తినేదాకా. ఈ పదకొండింటిలో ఏదీ వాక్యాన్ని ముగించదు. 'తిని' అన్నాక 'పడుకున్నాను' అనో 'వెళ్ళాను' అనో రావాలి. 'తిన్న' అన్నాక 'పండు' అనో 'పిల్లాడు' అనో రావాలి. తెలుగులో పెద్ద వాక్యమంటే చివర ముగిసే క్రియ ఒకటి, దాని ముందు ఇలాంటి ముగియని క్రియలు కావలసినన్ని. వీటిని నేను అతుకులంటాను, పిల్లలకి కూడా ఆ మాటే చెప్తాను. ఒక్కో అతుకు మీద రెండు మూడు వారాలు నిలబడండి. అది నోటికి అలవాటయ్యాకే తర్వాతి దానికి వెళ్ళండి.

ఈ పనిలో మీకున్న పెద్ద ఆసరా బాబుకి వచ్చిన ఒడియా. ఒడియా బడి వల్లే పిల్లల తెలుగు పాడవుతోందని మన సరిహద్దు ఊళ్ళలో చాలామంది బెంగపెట్టుకుంటారు. ఆ బెంగ వదిలేయండి. 'భాత ఖాఇ స్కూల్ గలి' అనగలిగిన పిల్లవాడికి 'అన్నం తిని స్కూలుకి వెళ్ళాను' అనే కట్టు బుర్రలో ఉన్నట్టే. 'బర్షా హేలే జిబి నాహిఁ' అన్నవాడు 'వాన వస్తే వెళ్ళను' అనడానికి ఒక్క అడుగే దూరం. 'హేలే బి' అంటే 'వచ్చినా'. 'జాఉ జాఉ దేఖిలి' అంటే 'వెళ్తూ వెళ్తూ చూశాను'. 'న ఖాఇ' అంటే 'తినకుండా', 'పఢిబాకు' అంటే 'చదవడానికి', 'ఆసిబి బోలి కహిలా' అంటే 'వస్తానని చెప్పాడు'. క్రియ చివర ఉండటం, అతుకులు దానికి ముందు వరుసగా రావడం రెండు భాషల్లోనూ ఒకటే. తెలుగు ద్రావిడ భాష, ఒడియా ఆర్య భాష. అయినా ఈ దేశంలో వేరువేరు కుటుంబాల భాషలు తరతరాలుగా పక్కపక్కనే ఉండి, కట్టుబాట్లు పంచుకుని, ఒకే భాషాప్రాంతంగా తయారయ్యాయని ఎమెనో అనే భాషావేత్త 1956లోనే రాశారు. మన గంజాం, గజపతి, రాయగడ, కొరాపుట్ జిల్లాల్లో ఆ మాట ప్రతి వీధిలోనూ వినిపిస్తుంది. కాబట్టి బాబు తెలుగులో ఆగిపోయినప్పుడు "సరే, ఒడియాలో చెప్పు" అనండి. వాడు చెప్పిన వాక్యాన్ని అదే వరుసలో మీరు తెలుగులో అనండి. వాడి ముఖంలో "ఓహో, ఇంతేనా" అన్న వెలుగు మీకే కనిపిస్తుంది.

అయితే ఒడియా ఆదుకోని చోట్లు మూడున్నాయి. ఎక్కువ సమయం వాటికే ఇవ్వాలి.

ఒకటి, పేరు రూపం మారే చోటు. ఒడియాలో 'ఘర' అన్నది 'ఘరరే' అవుతుంది, 'ఘర' మాత్రం చెక్కుచెదరదు. తెలుగులో 'ఇల్లు' కాస్తా 'ఇంట్లో' అవుతుంది. ఊరు ఊళ్ళో, చెయ్యి చేతిలో, కన్ను కంట్లో, గోడ మాత్రం గోడమీదే. అందుకే పిల్లలు 'ఇల్లులో ఉన్నాను', 'చెయ్యిలో పెట్టు' అంటారు. ఇది మొద్దుతనం కాదు, ఒడియా సూత్రాన్ని చక్కగా పాటించడమే. దీనికి సూత్రం చెప్పకండి. రోజూ దాగుడుమూతలాడండి: ఒక గ్లాసో, బంతో దాచి "ఎక్కడుంది? ఇంట్లోనా, పెరట్లోనా, సంచిలోనా, చేతిలోనా?" అని అడగండి. రూపం చెవిన పడాలి, అంతే.

రెండు, వచ్చాడు, వచ్చింది. 'సే ఆసిలా' అంటే మగైనా ఆడైనా సరిపోతుంది. తెలుగులో సరిపోదు. 'అక్క వచ్చాడు' అన్న పిల్లవాణ్ణి చూసి చుట్టాలు నవ్వుతారు, ఆ నవ్వుతో వాడు నోరు కట్టేసుకుంటాడు. దయచేసి ఇంట్లో ఎవరినీ నవ్వనివ్వకండి. ఒక్కరైతే అక్క వచ్చింది, ఆవు వచ్చింది. ఎక్కువమందైతే అక్కలు వచ్చారు, ఆవులు వచ్చాయి. ఈ తిరకాసు వినగా వినగా గానీ కుదరదు. పెళ్ళి ఆల్బం తెరిచి ఒక్కో ఫొటోలో ఎవరేం చేస్తున్నారో చెప్పించండి: చిన్నాన్న నవ్వుతున్నాడు, అత్త పూలు పెట్టుకుంటోంది, పిల్లలు గెంతుతున్నారు. వారానికి రెండు మూడు సార్లు చేస్తే సర్దుకుంటుంది.

మూడోది అన్నిటికంటే మొండిది: కాదనడం. ఒడియాలో 'ఖాఇబి నాహిఁ', 'ఖాఇలా నాహిఁ' అని చివర 'నాహిఁ' తగిలిస్తే పని అయిపోతుంది. అదే అలవాటులో పిల్లలు 'నేను తింటాను లేదు', 'వాడు వస్తాడు లేదు' అంటారు. తెలుగులో క్రియ రూపం మారితే దాని కాదనే రూపం కూడా మారుతుంది. తిన్నాను అయితే తినలేదు. తింటాను అయితే తినను. తిని అయితే తినకుండా. తింటే అయితే తినకపోతే. తిన్న అయితే తినని. తిను అయితే తినకు, తినొద్దు. వీటిని పట్టికలా రాసి గోడకి అంటించకండి. ఎదురు మాట ఆట ఆడండి. మీరు "నాన్న టీ తాగి వెళ్ళాడు" అంటే బాబు "నాన్న టీ తాగకుండా వెళ్ళాడు" అనాలి. "వాన వస్తే ఆట ఉంటుంది" అంటే "వాన రాకపోతే ఆట ఉంటుంది" అనాలి. అర్థం తలకిందులై నవ్వొస్తుంది కాబట్టి పిల్లలు దీన్ని వదలరు. ఇక్కడ ఒక మంచి మాట కూడా ఉంది. లేదు, కాదు అన్న తేడా తెలుగు నేర్చుకునే బయటివాళ్ళని చాలా తిప్పలు పెడుతుంది. ఒడియా పిల్లలకి ఆ తిప్పలు తక్కువ, వాళ్ళకి 'లేదు'కి 'నాహిఁ', 'కాదు'కి 'నుహేఁ' విడివిడిగా ఉన్నాయి.

ఇక అతుకులు ఏ వరుసలో ఎత్తుకోవాలో చెప్తాను.

మొదట 'చేసి'. వంటింట్లో మీరు చారు పెడుతూ చెప్పండి: "చింతపండు నానబెట్టి, పిసికి, రసం తీసి, ఉప్పూ పసుపూ వేసి, పొయ్యి మీద పెట్టి మరిగించాలి." రెండో రోజు వాణ్ణి చెప్పమనండి. బడినుంచి వచ్చిన దగ్గర్నుంచి ఏం చేశాడో ఒక్క ఊపిరిలో చెప్పించండి: "బ్యాగు పడేసి, కాళ్ళు కడుక్కుని, పాలు తాగి, ఆడుకోవడానికి వెళ్ళాను." ఒక జాగ్రత్త: ఇందులో పనులన్నీ ఒక్కరివే అయ్యుండాలి. 'అమ్మ వండి నేను తిన్నాను' కుదరదు, 'అమ్మ వండాక నేను తిన్నాను' అనాలి. ఒడియాలోనూ ఇలాంటి చోట 'రాంధిలా పరే' అంటారు కాబట్టి బాబుకి ఇది త్వరగానే అందుతుంది. 'వాన పడి దారి బురదైంది' లాంటివి వేరు, అక్కడ మనిషి పని లేదు, ఒకదానివల్ల ఇంకోటి జరిగింది. వాడు అలా అంటే తప్పనకండి.

తర్వాత 'అని'. ఇది పుస్తకాల్లో ఎక్కడో చివర వస్తుంది. నేను మాత్రం రెండోదిగా ఎత్తుకుంటాను, ఎందుకంటే పిల్లలకి కబుర్లు మోయడం ఇష్టం. వంటింటికీ వీధి అరుగుకీ మధ్య బాబుని కబురు పంపండి. నాన్న "రేపు టెక్కలి వెళ్తాను" అన్నాడు, బాబు వచ్చి మీతో "నాన్న రేపు టెక్కలి వెళ్తానన్నాడు" అనాలి. మాట అన్నది నాన్నే కాబట్టి 'వెళ్తాను' మారదు. 'జిబి బోలి కహిలా' అనే పిల్లవాడికి ఇది సులువు. "వెళ్తాడని" అంటే ఇంకెవరో వెళ్తారేమో అనుకునే వీలుంది, ఆ తేడా నెమ్మదిగా తెలుస్తుంది. ప్రశ్నలు కూడా మోయించండి: "కూరలేమైనా తేవాలా అని అడుగుతున్నాడు."

ఇక్కడే ఒక చిక్కు. ఎవరినైనా పని చెయ్యమని చెప్పడానికి ఒడియాలో 'ఆసిబాకు కహిలా' అంటారు. దాన్ని పిల్లలు యథాతథంగా దించి 'నాన్న రావడానికి చెప్పాడు' అంటారు. మనది 'రమ్మన్నాడు'. రమ్మని, పొమ్మని, ఇమ్మని, తెమ్మని, తినమని, వెళ్ళమని: వీటిని విడిగా, ఒక వారమంతా, ఇంటిపనుల్లో కలిపి వినిపించండి. "అక్కని పాలు తెమ్మను", "తాతగారిని లోపలికి రమ్మను" అని పంపితే వాడు ఆ రూపం పలకకుండా ఆ పని చెయ్యలేడు.

మూడోది 'అయితే', 'అయినా', 'కాకపోతే'. దీనికి మన ఏడు చేపల కథకి మించిన పాఠం నాకు తెలీదు. రాజుగారి ఏడుగురు కొడుకులు వేటకి వెళ్ళి ఏడు చేపలు తెచ్చి ఎండబెడితే ఒకటి ఎండలేదు. చేపా చేపా ఎందుకు ఎండలేదు? గడ్డిమోపు అడ్డమొచ్చింది. గడ్డిమోపూ, ఎందుకు అడ్డమొచ్చావు? ఆవు మెయ్యలేదు. ఆవూ, ఎందుకు మెయ్యలేదు? గొల్లవాడు మేపలేదు. అవ్వ అన్నం పెట్టలేదు, పిల్లాడు ఏడ్చాడు, చీమ కుట్టింది. చివరికి చీమ అంటుంది: నా బంగారు పుట్టలో వేలు పెడితే కుట్టనా?

దీన్ని నాలుగు విడతలుగా చెప్పించండి. మొదటి విడత ఉన్నది ఉన్నట్టు, మీరు ప్రశ్న, వాడు జవాబు. అన్నీ చిన్న వాక్యాలే, కానీ 'ఎండలేదు, మెయ్యలేదు, మేపలేదు, పెట్టలేదు' అని కాదనే రూపం అన్నిసార్లు నోట పడుతుంది. పైన చెప్పిన మొండి జబ్బుకి ఇదే మందు. రెండో విడత జవాబుని, దాని కారణాన్ని అతికించాలి: "ఆవు మెయ్యకపోవడం వల్ల గడ్డిమోపు అడ్డమొచ్చింది." "గొల్లవాడు మేపకపోవడం వల్ల ఆవు మెయ్యలేదు." మూడో విడత కథని చీమ దగ్గర మొదలుపెట్టి వెనక్కి నడిపించండి: "పిల్లాడు పుట్టలో వేలు పెడితే చీమ కుట్టింది. చీమ కుట్టడంతో పిల్లాడు ఏడ్చాడు. పిల్లాడు ఏడవడంతో అవ్వ అన్నం పెట్టలేదు." ఇక్కడ 'పెడితే' అన్నది జరుగుతుందో లేదో తెలియని సంగతి కాదు, జరిగిపోయిందే. 'నువ్వు పిలిస్తే వచ్చాను' అన్నట్టు. తెలుగులో 'తే'కి ఈ రెండో వాడుక ఉందని పిల్లలకి చెప్పక్కర్లేదు, కథలో దొరికిపోతుంది.

నాలుగో విడత నాకు చాలా ఇష్టమైనది. "పిల్లాడు పుట్టలో వేలు పెట్టకపోతే ఏమయ్యేది?" అని అడగండి. జవాబు ఇలా రావాలి: "వేలు పెట్టకపోతే చీమ కుట్టేది కాదు. చీమ కుట్టకపోతే వాడు ఏడ్చేవాడు కాదు. వాడు ఏడవకపోతే అవ్వ అన్నం పెట్టేది. అన్నం తినుంటే గొల్లవాడు ఆవుని మేపేవాడు. ఆవు మేసుంటే గడ్డిమోపు అడ్డమొచ్చేది కాదు, చేప ఎండేది." జరగనిదాన్ని ఊహించి చెప్పే ఈ వాక్యాలు పెద్దవాళ్ళు నేర్చుకునేటప్పుడు కూడా తడబడే చోటు. కథ ముందే తెలుసు కాబట్టి పిల్లవాడికి 'తర్వాత ఏం చెప్పాలి' అన్న బరువుండదు, ఉన్న శ్రద్ధంతా క్రియ చివర మీదే నిలుస్తుంది. తెలిసిన కథనే పదేపదే చెప్పించమని నేను పట్టుబట్టేది ఇందుకే. రోజుకో కొత్త కథ చెప్తే వినడం బాగుంటుంది, మాట్లాడటం రాదు.

నాలుగోది 'వచ్చిన మనిషి'. పేరుకి ముందు క్రియ వచ్చే కట్టు. ఒడియాలో 'కాలి ఆసిథిబా లోక' అన్నది ఇదే, కానీ పిల్లలు మాట్లాడేటప్పుడు 'జేఉఁ లోక... సే' అనే కట్టు ఎక్కువ వాడతారు. దాన్ని దించితే 'ఏ మనిషి నిన్న వచ్చాడో ఆ మనిషి' అవుతుంది. తప్పు కాదు, తెలుగులో ఉన్నదే, కానీ మాటల్లో బరువుగా ఉంటుంది. నౌపడా నుంచి టెక్కలి, పాతపట్నం, పర్లాకిమిడి మీదుగా మీ గుణుపురం వచ్చే రైల్లో మీరు నాన్నమ్మ దగ్గరికి వెళ్ళొస్తుంటే, ఆ ప్రయాణమంతా పాఠమే. ఎదుటి సీట్లలో ఎవరో ఒకరిని మనసులో అనుకుని, బాబుని పట్టుకోమనండి: "కిటికీ పక్కన కూర్చున్న ఆవిడా? కాదు. జీడిపప్పు అమ్ముతున్న అబ్బాయా? కాదు. పాతపట్నంలో ఎక్కిన తాతగారా?" వచ్చిన, వస్తున్న, వచ్చే, రాని: ఈ నాలుగు రూపాలూ అక్కడే దొరుకుతాయి. ఒకే రూపం ఎన్నిటికి పనికొస్తుందో కూడా ఆటలోనే చూపించండి: మనం ఎక్కిన రైలు, రైలెక్కిన తాతగారు, రైలెక్కిన స్టేషను, రైలెక్కిన రోజు.

దీనికి పొడుపు కథలు కూడా బ్రహ్మాండంగా పనిచేస్తాయి. 'అడవిలో పుట్టింది, అడవిలో పెరిగింది, మా ఇంటికొచ్చింది, తైతక్కలాడింది' అంటే మజ్జిగ చిలికే కవ్వం. ఇందులో నాలుగు చిన్న వాక్యాలున్నాయి. వాటిని ఒక్కటి చెయ్యమనండి: 'అడవిలో పుట్టి, అడవిలోనే పెరిగి, మా ఇంటికొచ్చి తైతక్కలాడేది ఏది?' మూడు 'చేసి'లు, ఒక 'ఆడేది'. ఆ తర్వాత ఇంట్లో వస్తువులకి వాణ్ణే పొడుపులు కట్టమనండి. "చల్లగా ఉండేది, నీళ్ళు పోస్తే చెమట పట్టేది, పగిలితే అతకనిది." కుండ అని మీరు వెంటనే చెప్పకండి, కాస్త ఆలోచించినట్టు ఉండండి. ఇంకో రెండు గుర్తులు వాడే చెప్తాడు.

ఆటలు ఎన్నున్నా రోజంతా మీరు అడిగే ప్రశ్నల్ని బట్టే బాబు మాట సాగుతుంది. 'ఇదేంటి?', 'అదేం రంగు?' అని అడిగితే ఒక్క మాట జవాబే వస్తుంది. తొమ్మిదేళ్ళవాడిని ఇంకా అలాగే అడుగుతూ ఉంటే వాడు వాక్యం ఎందుకు కడతాడు? ఎందుకలా అయింది, తర్వాత ఏమైంది, నువ్వైతే ఏం చేసేవాడివి, అలా చెయ్యకపోతే ఏమవుతుంది అని అడగండి. అడిగాక ఆగండి. మనసులో అయిదారు అంకెలు లెక్కపెట్టుకునేంత సేపు నోరు మెదపకండి. మన ఇళ్ళలో పెద్దవాళ్ళు ప్రేమకొద్దీ పిల్లల నోట్లో మాట పెట్టేస్తారు. ఆ ప్రేమే అడ్డమవుతుంది.

వాడు ముక్కలుగా చెప్తే మీరు ఒక్క మెట్టు పెంచి అనండి. "రైలు లేటు. ఆకలి" అన్నాడనుకోండి, "రైలు లేటుగా వచ్చింది కాబట్టి ఆకలేసిందా?" అనండి. 'నువ్వు మళ్ళీ అను' అని బలవంతం పెట్టొద్దు. వాడి మాటకంటే ఒక్క అతుకు మాత్రమే ఎక్కువ ఉండాలి, నాలుగు అతుకుల వాక్యం వినిపిస్తే వాడికి పట్టు దొరకదు. మధ్యలో ఒడియా మాట దొర్లితే దొర్లనివ్వండి. 'బహి కొన్నాక ఇంటికొచ్చాం' అంటే నేను సంతోషిస్తాను. 'కొన్నాక' కుదిరింది, పుస్తకం అన్న మాట రేపు వస్తుంది.

ఇంకో సంగతి గట్టిగా చెప్పాలి. మన ఇళ్ళలో 'ఏటి సేస్తన్నావు', 'ఎల్లిపోనాడు' అంటాం. నాన్నమ్మ భాష అదే. దాన్ని దిద్ది 'ఏం చేస్తున్నావు', 'వెళ్ళిపోయాడు' అనిపిస్తే తప్ప అది తెలుగు కాదనుకోకండి. 'ఎల్లిపోతే', 'ఎల్లిపోనాక', 'ఎల్లకుండా': అతుకులన్నీ ఆ తెలుగులోనూ నిండుగా ఉన్నాయి. పర్లాకిమిడిలో ఉండి గిడుగు రామమూర్తి గారిని తలుచుకోకుండా ఈ మాట రాయలేను. 1880లో ఈ ఊరి రాజావారి బడికి పంతులుగా వచ్చిన ఆయన, కొండల్లోని సవరల నోట వింటూ సవర భాష నేర్చుకున్నారు, సవర పిల్లలు వాళ్ళ భాషలోనే చదువుకోవాలని వాచకాలు తయారుచేశారు, నోట ఆడే తెలుగే బడిలోకీ పుస్తకంలోకీ రావాలని జీవితమంతా పోరాడారు. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29నే మనం తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం. పిల్లవాడికి ఇంట్లో వినబడే తెలుగే మొదటి మెట్టు. పత్రికల తెలుగు దానిమీద తర్వాత నిలబడుతుంది.

అక్షరాల గురించి అడిగారు. వాక్యాలకి అక్షరాలు షరతు కావు, కానీ ఆపక్కర్లేదు. ఒడియాలో గుణింతాలు వచ్చిన పిల్లవాడు తెలుగు లిపి త్వరగానే పడతాడు. ఒడియా లిపిలో ఎ, ఏలకి ఒకటే అక్షరం, ఒ, ఓలకి కూడా ఒకటే. మెడకి మేడ అనకుండా అక్కడ మాత్రం చెవి పదును చెయ్యండి. వ్యాకరణం పుస్తకం బాబుకి వద్దు. మీకు కావాలంటే ఒకటి దగ్గర పెట్టుకోండి, ఈ వారం ఏ అతుకు అని చూసుకోవడానికి.

మహారాష్ట్ర వైపు నుంచి, సిరొంచా, రాజురా, కిన్వట్, ధర్మాబాద్ నుంచి కూడా కొందరు ఇదే అడుగుతుంటారు. అక్కడ మరాఠీ ఇదే ఆసరా ఇస్తుంది: 'జేవూన్ శాళేత్ గేలో' తిని బడికి వెళ్ళాను, 'పాఊస్ ఆలా తర్' వాన వస్తే, 'కాల్ ఆలేలా మాణూస్' నిన్న వచ్చిన మనిషి, 'యేతో మ్హణూన్ సాంగిత్లం' వస్తానని చెప్పాను. ఇల్లు ఇంట్లో అయినట్టు పేరు మారడం మరాఠీ పిల్లలకి కొత్త కాదు, మనం, మేము తేడా కూడా 'ఆపణ్', 'ఆమ్హీ'లో ఉంది. 'వద్దు'కి 'నకో' ఉంది. వాళ్ళు తడబడేది లేదు, కాదు దగ్గర, ఎందుకంటే 'నాహీ' రెండిటికీ సరిపోతుంది. అక్కడ ఆ ఒక్కదాని మీద ఎక్కువ రోజులు నిలబడాలి.

మీ ఇంటికి కోడలుగా వచ్చిన ఒడియా అమ్మాయో, అల్లుడో నేర్చుకుంటుంటే దారి కొంచెం మారుతుంది. పెద్దవాళ్ళకి సూత్రం చెప్తే ఉపయోగం. తిన్నాను, తినలేదు, తినను అని వరుసగా రాసి చూపించండి, పక్కన ఒడియా కూడా రాయండి. రోజూ తమ పనికి అవసరమైన అయిదారు వాక్యాలతో మొదలుపెట్టి, వాటికే అతుకులు పెంచమనండి. తప్పులు దిద్దొచ్చు, కానీ మాట పూర్తయ్యాక, నలుగురి ముందు కాకుండా.

చివరగా ఒకటి చూసుకోండి. ఇదంతా బాబు ఒడియాలో వయసుకి తగ్గట్టు గలగలా మాట్లాడతాడనుకుని చెప్పాను. బడిలో స్నేహితులతో ఏం మాట్లాడుతున్నాడో ఒకరోజు పక్కనుండి వినండి, వాళ్ళ టీచరుని అడగండి. ఒడియాలో కూడా రెండు మూడు మాటల దగ్గరే ఆగుతుంటే, వెనకనుంచి పిలిస్తే పలకకపోతుంటే, టీవీ సౌండు బాగా పెంచుకుంటుంటే ఆటలు పక్కన పెట్టి ముందు వినికిడి పరీక్ష చేయించండి. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద 18 ఏళ్ళ లోపు పిల్లలకి వినికిడి, మాట ఇబ్బందుల్ని ఉచితంగా చూస్తారు. బడికి వచ్చే ఆరోగ్య బృందాన్ని గానీ, రాయగడ జిల్లా ఆసుపత్రిలో గానీ అడిగితే ఎక్కడ చూపించాలో చెప్తారు.